మూడవ రాత్రి

పాఠం ఉద్దేశం

గూఢచారి జీవితాన్ని కేవలం సాహసగాథగా చూడడం లోకానికి అలవాటు. ఆ జీవితంలోని ఓర్పును, ఒంటరితనాన్ని, ధర్మసంకటాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. ఒకే సంఘటనను గ్రంథస్థ చరిత్ర ఒక తీరున, జనశ్రుతి మరొక తీరున చెప్పినప్పుడు రెండింటినీ పోల్చి చదివే నేర్పును అలవరచడం మరొక ప్రయోజనం.

నేపథ్యం

1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం తెలుగువారందరికీ తెలిసినదే. ఈ వ్యాసంలో ప్రధాన విషయం కోట ముట్టడి కాదు. యుద్ధం ముగిసిన మూడవ రాత్రి విజయనగర ప్రభువు గుడారంలో జరిగిన హత్య, దానిని నెరవేర్చిన అజ్ఞాత సైనికుల వృత్తాంతం ఇందులో వివరింపబడ్డాయి. ప్రక్రియ వ్యాసం.

పాఠ్యభాగం

రాజుకు రెండు కన్నులు చాలవు. తన రాజ్యంలో జరుగుతున్నదీ, పరరాజ్యంలో జరగబోయేదీ చూడడానికి అతనికి వేరే కన్నులు కావాలి. అందుకే మన పూర్వులు రాజును 'చారచక్షువు' అన్నారు. చారులే కన్నులుగా గలవాడని దాని అర్థం. చారునికి తెలుగులో 'వేగు' అనే చక్కని మాట ఉంది. తెల్లవారుజామును కూడా వేగు అనే అంటారు. చీకటిలో తిరిగేవానికీ, చీకటిని తొలగించే వేకువకూ ఒకే మాట అమరడం మన భాషలోని విశేషం.

'గూఢచారి 116' (1966) మొదలుకొని ఎన్నో చలనచిత్రాలు మన మనస్సులలో ఒక గూఢచారి రూపాన్ని ముద్రించాయి. అతడు అందగాడు, వేగంగా వాహనం నడిపేవాడు, చేతిలో తుపాకి గలవాడు. ప్రాచీన రాజనీతి గ్రంథాలలో కనిపించే గూఢచారి ఇతనికి పూర్తిగా భిన్నమైనవాడు. అతనిని ఎవ్వరూ తేరిపార చూడరు. చూసినా గుర్తుంచుకోరు. గుర్తుండకపోవడమే అతని విద్య.

కౌటిల్యుడు అర్థశాస్త్రంలో చారులను రెండు తెగలుగా విభజించాడు. ఒకచోట స్థిరంగా నిలిచి పనిచేసేవారు మొదటి తెగ. విద్యార్థి, సన్న్యాసి, కృషీవలుడు, వర్తకుడు, తాపసి వేషాలలో వీరు జనం మధ్య మసలుతారు. ఊరూరా సంచరించేవారు రెండవ తెగ. వీరిలో తీక్ష్ణుడు, రసదుడు అనే ఇద్దరున్నారు. ఆయుధంతో ప్రాణం తీసేవాడు తీక్ష్ణుడు. విషం పెట్టేవాడు రసదుడు. ధనం కోసం తన ప్రాణాన్ని లెక్కచేయక ఏనుగుతోనైనా క్రూరమృగంతోనైనా తలపడగల శూరుణ్ణి తీక్ష్ణునిగా ఎన్నుకోవాలని కౌటిల్యుడు చెప్పాడు. బంధువులపై మమకారం లేని క్రూరుడు రసదునిగా తగినవాడన్నాడు. ఎంత నిష్కర్షగా చెప్పాడో గమనించండి! రహస్యంగా ఒక మనిషిని చంపే పనికి ఎటువంటి మనస్సు కావాలో ఆ రాజనీతివేత్తకు తెలుసు. దానిని సద్గుణమని మాత్రం ఆయన అనలేదు.

అటువంటి పనిలో ఉన్నవానికి రెండు గండాలు ఎప్పుడూ పొంచి ఉంటాయి.

మొదటిది తన శరీరమే. విశాఖదత్తుని 'ముద్రారాక్షసం' నాటకంలో ఒక సన్నివేశం ఉంది. చంద్రగుప్తుని నిద్రలో చంపడానికి వచ్చినవారు అతని శయనాగారపు గోడలోని సొరంగంలో దాగి ఉంటారు. రాజు ప్రవేశించక ముందే చాణక్యుడు ఆ గదిని పరీక్షిస్తాడు. గోడ నెర్రెలో నుండి అన్నపు మెతుకులు మోసుకొస్తున్న చీమల బారు అతని కంటబడుతుంది. లోపల మనుషులున్నారని గ్రహించి ఆ గదికి నిప్పు పెట్టిస్తాడు. ఆయుధాలు దాచిన వారు ఆకలిని దాచలేకపోయారు.

రెండవది తెలిసినవాని చూపు. రామాయణంలో రావణుడు పంపిన శుకసారణులు వానర రూపాలు ధరించి రాముని సేనలో చేరారు. వేలాది వానరులలో ఒక్కరూ వారిని అనుమానించలేదు. లంక నుండి వచ్చిన విభీషణుడు మాత్రం చూడగానే పట్టుకున్నాడు. పరాయివాడు పోల్చుకోలేని దానిని మనవాడు ఇట్టే పోల్చుకుంటాడు.

ఆకలిని అణచుకోవాలి. మనవారి కన్నులనే కప్పాలి. ఈ రెండు కఠిన పరీక్షలలోనూ నెగ్గి, ఆపై ప్రాణాలను తృణప్రాయంగా విడిచినవారి కథ మన ఉత్తరాంధ్రలోనే జరిగింది.

నీటి తగవు నుండి నెత్తుటి మడుగు దాకా

1753లో నిజాం సలాబత్ జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ధారాదత్తం చేశాడు. ఫ్రెంచి సేనాని బుస్సీకి ఈ ప్రాంతం కొత్త, ఇక్కడి భాష కొత్త. పన్నులు వసూలు కావాలంటే స్థానిక ప్రభువుల తోడు కావాలి. విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు అతనికి అండగా నిలిచాడు. శ్రీకాకుళం, రాజమహేంద్రవరం సర్కారుల గుత్త అతనికి దక్కింది.

విజయనగరానికీ బొబ్బిలికీ అప్పటికే పడేది కాదు. విజయనగరం క్షత్రియ ప్రభువులది, బొబ్బిలి వెలమ ప్రభువులది. వంశ ప్రతిష్ఠల పోటీ ఎలాగూ ఉంది. దానికి తోడు నీటి తగవు చేరింది. వాగుల నీటిని బొబ్బిలివారు తమ వరిపొలాలకు మళ్ళించుకుంటున్నారన్నది విజయనగరం ఆరోపణ. పల్లెలో గట్టు దగ్గర ఇద్దరు రైతుల నడుమ మొదలయ్యే తగవు వంటిదే ఇదీ. అయితే ఈ రైతులకు కోటలున్నాయి, సేనలున్నాయి, ఇప్పుడు ఫిరంగులు గల చుట్టం కూడా వచ్చాడు.

బొబ్బిలిని విడిచి, బదులుగా మరొక చోట భూములు తీసుకొమ్మని బుస్సీ బొబ్బిలి ప్రభువు రంగారావుకు కబురు పంపాడు. పితృభూమిని వదలడానికి రంగారావు సమ్మతించలేదు. ఆ సమయంలోనే బొబ్బిలి అడవుల గుండా పోతున్న సిపాయిల దండుపై మెరుపుదాడి జరిగి సుమారు 30 మంది మరణించారు. ఆ దారిన పోవడానికి రంగారావు అనుమతి ఇచ్చి ఉన్నాడు. ఈ దాడి వెనుక విజయరామరాజు పన్నాగం ఉన్నదని ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ సూచించాడు. నేరం మాత్రం రంగారావు నెత్తిన పడింది. బుస్సీ ఆగ్రహోదగ్రుడయ్యాడు. అతని దివాను హైదర్‌జంగు లంచానికి లోబడి మాటలను తారుమారు చేశాడని బొబ్బిలి కథ పాడేవారు చెబుతారు. ఏ విధంగా చూసినా ఈ యుద్ధానికి మొదట మోసం ఉంది. చివర కూడా మోసమే ఉంది. నడుమ ఉన్నది మాత్రం నిష్కపటమైన శౌర్యం.

1757 జనవరి 24న సూర్యోదయ వేళకే ఫిరంగులు గర్జించాయి. బురుజులు బీటలు వారాయి. నిచ్చెనలు వేసి గోడలెక్కిన ప్రతి దండునూ కోటలోని వారు తిప్పికొట్టారు. మధ్యాహ్నానికి గెలుపు ఆశ అడుగంటింది. స్త్రీలు, పిల్లలు శత్రువుల చేత చిక్కరాదని రంగారావు నిశ్చయించాడు. ఇళ్ళకు నిప్పంటించి, తమ వారిని తామే చంపుకొని, బొబ్బిలి వీరులు మరల బురుజుల మీదికి వెళ్ళారు. తుపాకి గుండు తగిలి రంగారావు నేలకొరిగాడు. శరణు కోరినవారు లేరు. కోటలో ప్రవేశించిన విజేతలు ఆ దృశ్యం చూసి నిశ్చేష్టులై కన్నీరు పెట్టారని ఓర్మ్ వ్రాశాడు. తండ్రి ఆజ్ఞను మీరి రంగారావు కుమారుని కాపాడిన ఒక వృద్ధుడు ఆ బాలుని ఫ్రెంచి అధికారి లా వద్దకు తెచ్చి అప్పగించాడు. బుస్సీ ఆ పసివానిని ఆదరించి, విజయరామరాజు వర్గం వలన అపాయం కలగకుండా తన శిబిరంలో కాపలా పెట్టించాడు.

యుద్ధం అక్కడితో ముగిసిందని అందరూ అనుకున్నారు.

నలుగురు

ముగియలేదని నలుగురికి మాత్రమే తెలుసు.

ప్రభువు కూలిపోవడం కళ్ళారా చూసిన నలుగురు బొబ్బిలి సైనికులు కోటలో జనసంచారం లేని ఒక మూల దాగారు. చుట్టూ మృతదేహాలు, కాలుతున్న ఇళ్ళు. రాత్రి బాగా పొద్దుపోయాక గోడ మీదుగా క్రిందికి దిగారు. ఎదురుగా విజయరామరాజు సేనల విడిది. దానిని దాటితే తప్ప అడవి చేరలేరు.

దాటారు! వారికి తోడ్పడినది కత్తి కాదు, చీకటి మాత్రమే కాదు. వారి భాష. వారూ తెలుగువారే, ఆ శిబిరంలోని భటులూ తెలుగువారే. ఒకే నేల మీద పుట్టి, ఒకే మాట తీరు నేర్చినవారు. అందువల్ల వారిని ఎవ్వరూ అనుమానించలేదు. ఫ్రెంచివారు ఈ నేల మీద ఒక్క మాట చెప్పాలంటే దుబాసీ కావాలి. ఈ నలుగురికి దుబాసీతో పని లేదు. వారి నోటిలోని యాసే వారి ఛద్మవేషం.

సమీపంలోని పొదలలో చేరి రెండు పగళ్ళు కదలక మెదలక గడిపారు. శిబిరంలోని సందడి సద్దుమణగాలని వేచి ఉన్నారు. గూఢచారి జీవితంలో అత్యంత కఠినమైన ఘట్టం ఇదే. దాడి చేయడానికి ఒక్క క్షణం ధైర్యం చాలు. దాడి చేయకుండా ఉండడానికి రోజుల తరబడి ధైర్యం కావాలి. అన్నపానాలను మరచిపోవాలి. దగ్గును గొంతులోనే నొక్కివేయాలి. ఆలుబిడ్డలను పోగొట్టుకున్నవారు ఏడవడానికి కూడా వీలులేని చోటు అది. శత్రువు విజయోత్సాహంతో పెట్టే కేకలు చెవినబడుతున్నా కోపాన్ని అదుపులో ఉంచుకోవాలి. యుద్ధరంగంలో కోపం ఆయుధం. పొదలో కోపం శత్రువు.

మూడవ రాత్రి ఇద్దరు బయలుదేరారు. దారిలో ప్రశ్నించిన వారికి మునుపటిలాగే తమ భాషలో సమాధానం చెప్పి నమ్మించారు. విజయరామరాజు గుడారం చేరువకు వచ్చి, నేలపై ప్రాకుతూ వెనుక భాగాన డేరా అంచు క్రింద నుండి లోపలికి దూరారు. రాజు ఒంటరిగా నిద్రిస్తున్నాడు. భారీకాయుడు కావడం వలన సాయం లేనిదే లేవలేనివాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఏకకాలంలో బాకులతో గుండెలో పొడిచారు. మూలుగు విని కావలివాడు పరుగున వచ్చి తుపాకి పేల్చాడు. గురి తప్పింది. మరికొందరు లోపలికి చొచ్చుకువచ్చారు. ఇద్దరిలో ఒక్కరూ పారిపోవడానికి ప్రయత్నించలేదు. మృతదేహాన్ని చూపించి, తమ పని తీరిందని, తమకు తృప్తి కలిగిందని ప్రకటించారు. ఆ క్షణంలోనే తుపాకి గుండ్లకు నేలకూలారు. అప్పటికే రాజు శరీరంపై 32 పోట్లు పడ్డాయి.

పొదలలో మిగిలిన ఇద్దరు? మొదటివారు విఫలులైతే ఆ పని పూర్తి చేయాలన్నది నలుగురూ కలిసి చేసిన ప్రతిజ్ఞ. ఆ అవసరం కలగలేదు. ఓర్మ్ కథనంలో వారి ప్రస్తావన అంతటితో ఆగిపోయింది. ఇక్కడ ఒక చిన్న విషయం ఆలోచించాలి. గుడారంలో ప్రవేశించినవారు అక్కడే మరణించారు. వారు కోటలో ఎక్కడ దాగిందీ, పొదలలో ఎన్ని రోజులు గడిపిందీ, ఎటువంటి ప్రతిజ్ఞ చేసిందీ లోకానికి ఎవరు చెప్పి ఉంటారు? మిగిలిన ఆ ఇద్దరి ద్వారానే ఈ వివరాలు వెలువడ్డాయని ఊహించడం సమంజసం. సాక్షిగా మిగలడం కూడా వేగువాని విధులలో ఒకటి.

కౌటిల్యుని తీక్ష్ణునితో వీరిని పోల్చి చూడండి. అతనికి వేతనం ఉంది, వీరికి లేదు. అతనిని నియోగించే ప్రభువు ఉన్నాడు. వీరి ప్రభువు మూడు రోజుల క్రితమే మరణించాడు. ఆజ్ఞాపించినవారు లేరు, బహుమానం ఇచ్చేవారు లేరు, తిరిగి వెళితే ఆహ్వానించే ఇల్లు లేదు. పంపినవాడు లేని దూతలు వారు.

పేరు లేని వారికి పాట ఇచ్చిన పేరు

ఓర్మ్ ఆ సైనికుల పేర్లు చెప్పలేదు. చరిత్ర అంకెలను నమోదు చేసింది. ప్రజలు పేరును నిలుపుకున్నారు. ఆ పేరు తాండ్ర పాపారాయుడు.

జనశ్రుతి ప్రకారం పాపారాయుడు బొబ్బిలి రాణి మల్లమ్మదేవికి సోదరుడు. రాజాం కోటలో ఉన్న అతనికి ముట్టడి వార్త సకాలంలో అందలేదు. అందిన తరువాత పరుగున వచ్చేసరికి బొబ్బిలి బూడిదయింది. పగబట్టిన పులిలా విజయరామరాజు గుడారంలో ప్రవేశించి, అతనిని సంహరించి, తన ప్రాణాన్ని తానే విడిచాడు. 'బొబ్బిలి పులి' అన్న మాటకు ఈనాటికీ పాపారాయుడే మన కళ్ళ ముందు నిలుస్తాడు.

రెండు కథనాలలో భేదం స్పష్టం. ఓర్మ్ చెప్పిన వారు కోటలో ఉండి ఓటమిని చూసినవారు. ప్రజలు చెప్పిన వీరుడు ఆలస్యంగా వచ్చి, ఆ ఆలస్యాన్ని భరించలేనివాడు. ఓర్మ్ కథలో నలుగురు, పాటలో ఒక్కడు. ఓర్మ్ కథలో నిశ్శబ్దం, పాటలో గర్జన. గూఢచారి నిశ్శబ్దంగా ఉండాలి. కథానాయకుడు గర్జించాలి. పాడేవారికి గర్జన కావాలి కనుక ప్రజలు వేగువానిని వీరునిగా మార్చుకున్నారు. యుద్ధం జరిగిన కొన్ని దశాబ్దాలకే దిట్టకవి నారాయణకవి 'రంగరాయ చరిత్రము' అనే కావ్యం రచించాడు. బుర్రకథకులు ఊరూరా ఈ కథను వినిపించారు. 1964లో 'బొబ్బిలి యుద్ధం', 1986లో 'తాండ్ర పాపారాయుడు' చలనచిత్రాలుగా వచ్చాయి.

ధర్మమా? అధర్మమా?

నిద్రిస్తున్న వానిని చంపడం వీరధర్మమా? ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. మహాభారతంలోని సౌప్తిక పర్వంలో అశ్వత్థామ అర్ధరాత్రి పాండవ శిబిరంలో ప్రవేశించి, నిద్రలో ఉన్న ధృష్టద్యుమ్నుణ్ణి, ఉపపాండవులను వధించాడు. అతనిదీ ప్రతీకారమే. తండ్రిని అన్యాయంగా చంపారన్న దుఃఖమే. అయినా భారతం అతనిని క్షమించలేదు. శిరోమణి కోల్పోయి, శాపగ్రస్తుడై తిరిగాడు.

మరి బొబ్బిలి సైనికులను ప్రజలు ఎందుకు మెచ్చుకున్నారు? అశ్వత్థామ అభం శుభం తెలియని కుమారులను కూడా చంపాడు. వీరు ఒక్కనిని తప్ప మరొకరిని తాకలేదు. అశ్వత్థామ పారిపోయి ప్రాణం దక్కించుకోజూశాడు. వీరు తాము చేసిన పనికి మూల్యం అక్కడికక్కడే చెల్లించారు. ఈ భేదాలు గణనీయమైనవే. అంతమాత్రాన ప్రశ్న సమసిపోలేదు. విజయరామరాజు కూడా ఒక కుటుంబానికి పెద్ద, ఒక సంస్థానానికి ప్రభువు. విజయనగరంలో ఆ రాత్రి ఏడ్చిన కన్నులకు ఈ హత్య వీరకృత్యంగా కనిపించదు.

1907 నాటి హేగ్ యుద్ధ నిబంధనలలోని 23వ అధికరణం శత్రుపక్షం వారిని నమ్మకద్రోహంతో చంపడాన్ని నిషేధించింది. గూఢచారి పట్టుబడితే విచారణ లేకుండా శిక్షించరాదని కూడా ఆ నిబంధనలే చెబుతున్నాయి. బొబ్బిలి ఘటనకు సరిగ్గా నూటయాభై ఏళ్ళ తరువాత లోకం వ్రాసుకున్న సూత్రాలివి. రహస్య హత్యలో రెండు పక్షాలూ చట్టాన్ని కోల్పోతాయి. చంపేవాడు నమ్మకాన్ని చంపుతాడు. పట్టుకున్నవాడు విచారణను చంపుతాడు. ఆ గుడారంలో ఈ రెండూ కొన్ని క్షణాల వ్యవధిలో జరిగాయి.

పగ తీరింది, తరువాత?

హత్య వలన బొబ్బిలికి ఏమి దక్కింది? కోట మరల లేవలేదు. చనిపోయినవారు తిరిగి రాలేదు. విజయరామరాజు వారసుడు ఆనంద గజపతిరాజుకు బుస్సీతో పొసగలేదు. అతడు 1758లో విశాఖపట్నాన్ని ఫ్రెంచివారి నుండి స్వాధీనం చేసుకొని ఆంగ్లేయులను ఆహ్వానించాడు. క్లైవు కర్నల్ ఫోర్డును పంపాడు. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధం, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం పతనం ఫ్రెంచివారి ప్రాబల్యాన్ని తుడిచిపెట్టాయి. 1766 ఒప్పందంతో ఉత్తర సర్కారులు కుంపిణీ వశమయ్యాయి. చివరకు విజయనగర ప్రభువు చిన విజయరామరాజు 1794 జూలై 10న పద్మనాభం వద్ద ఆ కుంపిణీ సేనలతోనే పోరాడి వీరమరణం పొందాడు. ఆ తరువాతనే వృద్ధుడు కాపాడిన ఆనాటి బాలుడు, చిన రంగారావు, కుంపిణీ చేతుల మీదుగా బొబ్బిలిని తిరిగి పొందాడు.

పిల్లి, పిల్లి తగవు కోతి తీర్చిన కథ మనకు చిన్ననాటి నుండి తెలుసు. ఒక వాగు నీటి కోసం తగవులాడుకున్న రెండు తెలుగు సంస్థానాలు నాలుగు దశాబ్దాలు తిరగకుండానే ఒకే పరాయి పాలకుని ముందు నిలబడ్డాయి. ఆ రాత్రి గుడారంలో దిగిన బాకు ఒక వ్యక్తిని అంతం చేసింది. ఆ తగవును అంతం చేయలేదు. గురి చూసి చేసే హత్యలన్నింటికీ ఉన్న పరిమితి ఇదే. అది మనిషిని తొలగించగలదు, కారణాన్ని తొలగించలేదు.

బొబ్బిలి పాతకోట స్థలంలో 1891లో నెలకొల్పిన స్మారక స్తూపం ఈనాటికీ ఆ వీరుల త్యాగాన్ని చాటుతున్నది. యుద్ధంలో మరణించినవారికి స్తూపం ఉంది, పాటలో జీవించినవానికి పేరు ఉంది. శత్రు శిబిరంలో కావలివారు ప్రశ్నించినప్పుడు ఆ సైనికులు పలికిన తెలుగు మాటకు మాత్రం ఏ స్మారకమూ లేదు. అడిగినవాడూ తెలుగువాడే, బదులు చెప్పినవాడూ తెలుగువాడే. ఇరుగుపొరుగును కలపవలసిన ఆ మాట ఆ రాత్రి ప్రాణం తీయడానికి దారి ఇచ్చింది. బొబ్బిలి కథలో మనలను ఎక్కువగా బాధించవలసినది 32 పోట్ల కంటే ఈ ఒక్క మాటే.

కఠిన పదాలకు అర్థాలు

చక్షువు = కన్ను
కృషీవలుడు = రైతు
నిష్కర్షగా = ఖండితంగా
నెర్రె = పగులు
గుత్త = నిర్ణీత మొత్తానికి పన్నుల వసూలును అప్పగించే ఏర్పాటు
ఆగ్రహోదగ్రుడు = తీవ్రమైన కోపం గలవాడు
బురుజు = కోట గోడపై కట్టిన గుండ్రని కట్టడం
దుబాసీ = రెండు భాషలు తెలిసి మధ్యవర్తిగా మాట్లాడేవాడు
ఛద్మవేషం = మారువేషం
సౌప్తికం = నిద్రకు సంబంధించినది
జనశ్రుతి = జనం చెప్పుకొనే మాట
కుంపిణీ = ఈస్టిండియా కంపెనీ

అభ్యాసం

అ) వ్యాసరూప ప్రశ్నలు

1. బొబ్బిలి సైనికులు విజయరామరాజు గుడారం చేరిన విధానాన్ని వివరించండి.
2. ఓర్మ్ కథనానికీ జనశ్రుతికీ గల భేదాలను పేర్కొని, ఆ భేదాలకు కారణాలను విశ్లేషించండి.
3. బొబ్బిలి సైనికుల చర్యను అశ్వత్థామ చర్యతో పోల్చి మీ అభిప్రాయం వ్రాయండి.

ఆ) లఘు ప్రశ్నలు

1. తీక్ష్ణునికీ రసదునికీ గల భేదమేమి?
2. చాణక్యుడు గోడలో మనుషులున్నారని ఎలా గ్రహించాడు?
3. విజయనగరం, బొబ్బిలి సంస్థానాల వైరానికి కారణాలేవి?
4. పొదలలో దాగిన ఇద్దరి ద్వారానే వివరాలు వెలువడ్డాయని రచయిత ఎందుకు ఊహించాడు?

ఇ) సందర్భ సహిత వ్యాఖ్యలు

1. వారి నోటిలోని యాసే వారి ఛద్మవేషం.
2. యుద్ధరంగంలో కోపం ఆయుధం. పొదలో కోపం శత్రువు.
3. పంపినవాడు లేని దూతలు వారు.
4. అది మనిషిని తొలగించగలదు, కారణాన్ని తొలగించలేదు.

ఈ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. శుకసారణులను గుర్తించినవాడు ఎవరు?
2. బొబ్బిలి యుద్ధం ఎప్పుడు జరిగింది?
3. 'రంగరాయ చరిత్రము' రచించిన కవి ఎవరు?
4. పాపారాయుడు ఏ కోటలో ఉండేవాడని జనశ్రుతి?

ఉ) సంధులు

సూర్యోదయం = సూర్య + ఉదయం – గుణసంధి
అత్యంత = అతి + అంత – యణాదేశ సంధి
శయనాగారం = శయన + ఆగారం – సవర్ణదీర్ఘ సంధి
విజయోత్సాహం = విజయ + ఉత్సాహం – గుణసంధి

ఊ) సమాసాలు

చారచక్షువు = చారులే చక్షువులుగా గలవాడు – బహువ్రీహి
శత్రు శిబిరం = శత్రువు యొక్క శిబిరం – షష్ఠీ తత్పురుష
అన్నపానాలు = అన్నమును, పానమును – ద్వంద్వ సమాసం
రెండు పగళ్ళు = రెండైన పగళ్ళు – ద్విగు సమాసం

ప్రాజెక్టు పని

మీ ప్రాంతంలో ప్రచారంలో ఉన్న ఒక వీరగాథను పెద్దలనడిగి వ్రాసుకోండి. అదే సంఘటన చరిత్ర గ్రంథాలలో ఎలా ఉన్నదో పరిశీలించి, పోలికలను, భేదాలను తరగతిలో చర్చించండి.